బాబాయి కంచం

డెబ్భై ఒకటి యుద్ధంలో యుద్ధనౌక మీద పనిచేసిన మా బాబాయి, సెలవు దొరగ్గానే బాపట్లలో మా ఇంటికొచ్చాడు. అప్పుడు నేను ఆరో తరగతి.

భోజనాల దగ్గర ఎడంచేత్తో కంచం అంచు గట్టిగా పట్టుకుని తింటున్నాడు. "ఎవరూ ఎత్తుకుపోర్లే బాబాయ్!" అంటూ సరదాగా లాగాను. పెద్దగా కేకేసి కంచాన్ని రెండు చేతులా అదిమిపట్టాడు. నేను బిక్కచచ్చిపోయాను.

"ఓడ ఊగుద్దమ్మా. వదిలితే కంచం జారిపోద్ది. ఆ అలవాటు పోవట్లేదు" అన్నాడు నాయనమ్మతో, తల దించుకుని.

ఎడంచేత్తో కంచం ముట్టుకుంటే మాకు ఒక్కటేసే నాయనమ్మ, ఎదురుగా కూర్చుని ఆ అంచు తనే పట్టుకుంది.

"నేను పట్టుకున్నాగా, నువ్వు తినరా" అంది.

బాబాయి మెల్లగా చెయ్యి వదిలాడు.

సెలవు అయిపోయేదాకా రెండు పూటలా ఆవిడే పట్టుకుంది. కంచం లాగిన నా చేతిని తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.