మగ్గం గుంత మీద మంచం

మొన్న మా వాడకట్టులో వదిన వరసయ్యే ఒకామె పట్నం దవాఖానలో ఐసీయూ నుంచి బయటపడి ఇంటికి వచ్చిందంటే చూడబోయాను. ఆమె మంచం మీద కళ్లు తెరుచుకునే ఉంది, చుట్టూ కూర్చున్న చుట్టాలు మాత్రం ఆమె ఎదుటే “మస్తు మంచి మనిషి ఉండె” అని చెప్పుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లను బయటికి పంపి, ఆమెను లేపి కూర్చోబెట్టి వచ్చాను. తెలంగాణ వచ్చిన కొత్తలో నేనూ అలాగే దవాఖాన నుంచి పోచంపల్లికి తిరిగొచ్చాను, నాకూ ఇదే మర్యాద జరిగింది.

జ్వరం విషమించి ఊపిరి మిషన్ మీదికి పోయిన నేను బతుకుతానని ఇంట్లో ఎవరూ అనుకోలేదట. బతికాను. అయితే ఇంటికి పోయాక కాళ్లు నిలవవని, చెంబు ఎత్తబోతే చెయ్యి వణుకుతుందని, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడి వస్తుందని, సొంత ఆడబిడ్డ పేరే గుర్తు రాక బిక్కమొహం వేస్తామని డిశ్చార్జి చేసినప్పుడు ఎవరూ చెప్పలేదు. మీలో మంచం పట్టి లేచినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఆడబిడ్డ మాత్రం నన్నింకా క్షమించలేదు.

అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటే. ఆటో దిగి ముందరి గదిలోకి వచ్చి చూస్తే, పెళ్లయి వచ్చిన నాటి నుంచి నేను గుంతలో కాళ్లు పెట్టుకుని నేసిన మగ్గం విప్పేసి అటకెక్కించారు, గుంత మట్టితో పూడ్చి పైన షాబాదు బండలు పరిచారు, సరిగ్గా దాని మీదే నా మంచం వేశారు. చేసింది మా ఆయనే. నేను మళ్లీ అందులో దిగి పడిపోతానేమోనని భయం. ఆ భయంలోని ప్రేమ నాకు తెలియక కాదు, కానీ ప్రేమ ఉన్నంత మాత్రాన నన్నడగకుండా నా పని తీసేస్తారా? “ఇగ నువ్వేం చెయ్యద్దు, కూసొని తిను, గంతే” అన్నాడు. “గుంత తవ్వేదాక గీ మంచమెక్క” అని కింద చాప వేసుకుని పడుకున్నాను.

అత్తమ్మ బతిమాలింది, కొడుకు కోపం చేశాడు, నేను వినలేదు. గోడ పట్టుకుని గడప దాకా, గడప నుంచి అరుగు దాకా నడక నేర్చుకున్నాను, నూలు కండెలు చుడుతూ వేళ్లకు బలం తెచ్చుకున్నాను. చూసి చూసి ఒక పొద్దున ఆయనే గడ్డపార తెచ్చి, “నీ మొండితనానికి యముడే ఇడిచిపెట్టిండు, నేనెంత” అని గొణుక్కుంటూ బండలు లేపాడు. రెండు చేతులూ పట్టుకుని నన్ను గుంతలోకి దించిందీ ఆయనే. మొదటి చీరలో పువ్వులన్నీ వంకరపోయాయి. పోతే పోయాయని దాన్ని నేనే కట్టుకున్నాను.

ఎడమ పాదం ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, మునుపటంత నేయలేను. అయినా నేస్తున్నాను. ఏనాడూ తలనొప్పని పడుకోని మా ఆయన మాత్రం, నాకు కాపలా కాస్తూనే, ఒక ఎండాకాలం టక్కున పోయాడు. ఇప్పుడు నేను మగ్గంలో దిగుతుంటే కొడుకూ కోడలూ “నీ ఇష్టమమ్మా” అని తమ పనుల మీద తాము పోతారు. పట్టించుకోక కాదు, నా సంగతి తెలిసి. కొట్లాడి తెచ్చుకున్నదే కదా ఇదంతా. రేపు పొద్దున కూడా దిగుతాను, ఎవరు వద్దన్నా ఆగను. కానీ వద్దని అడ్డం నిలబడడానికి ఆయన ఉంటే ఎంత బాగుండేది.