తలకిందులుగా వేలాడిన డ్రస్సు

"రేపు పొద్దుగాల దాని మెడ పైకి తిప్పుత, అక్కా. నాతోని గంతే అయితది."

"తిప్పు తమ్ముడూ. ఎవడేమంటాడో నేనూ చూస్తా."

దుబాయ్ కరామాలో బస్సు దిగేముందు మేం అనుకున్న చివరి మాటలివి. బస్సులో కలిసిన ఆ మనిషి పేరు కూడా అడగలేదు.

ఆ సాయంత్రం నేను పనిచేసే ఇంటి మేడమ్ వెంట, ఆమె పిల్లను ఎత్తుకుని బొమ్మల ప్రదర్శనకు వెళ్లాను. అక్కడ బొమ్మ ఒక్కటీ లేదు. కూలీలు తొడిగి విడిచిన చొక్కా ప్యాంటూ ఒకటిగా ఉండే నీలం కవరాల్ డ్రస్సులు, సిమెంటు మరకలతోనే, కాళ్లు పైకీ మెడ కిందికీ వేలాడదీశారు. ఒకదాని కాలర్ లోపల ఆకుపచ్చ దారంతో చేప కనిపించింది. కూలీల క్యాంపు లాండ్రీలో వేరేవాళ్లవాటితో కలిసిపోకుండా మా ఆయన డ్రస్సుకు నేను కుట్టిన చేప! ఆయన బిల్డింగు సైటులో పైనుంచి తలకిందులుగా పడి చనిపోయినప్పుడు శవం వచ్చింది గానీ బట్టలు రాలేదు.

"ఇది మా ఆయనది, దించండి!" అని అరిచాను.

"అది ఆర్ట్, నోరు మూసుకో" అని మేడమ్ నన్ను బస్సెక్కించి పంపేసింది. ఆర్టట! తలకిందులుగా పడి చచ్చిన మనిషిని తలకిందులుగానే వేలాడదీయడం ఆర్టా?

బస్సులో ఆడవాళ్ల సీట్ల వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డ మనిషి నా వైపు వంగాడు.

"నువ్వు అరిచింది విన్న అక్కా. గవి కట్టింది నేనే. ముదీర్, గదే మా మేనేజరు, గట్లనే కట్టుమన్నడు."

"అయితే దించెయ్."

"దించితే నా పని ఖలాస్."

మర్నాడు మేడమ్ ఫోన్‌లో ఫొటో చూపించి, "ఒకటి సరిగ్గా కట్టడం కూడా రాలేదు వీళ్లకి" అని నవ్వింది. అన్నీ తలకిందులే. ఒక్కటి నిలబడి ఉంది.

అయినా దించలేదుగా!

ఏమే రమా, నేను చెప్పినట్టే రాశావా, ఈ పెద్దమ్మ కోపం తగ్గించి రాయలేదు కదా? మొదట్నుంచి చదివి వినిపించు.