పలకరించని మేడం

మా మేడం పోయారని పొద్దున్నే వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే పోయారట. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సెక్కి కూర్చున్నాను. ఏ కష్టం వచ్చినా నేను మొదట ఫోన్ చేసేది మేడంకే. ఈ కష్టం ఎవరికి చెప్పుకోను? దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

ఆమె క్లినికల్ సైకాలజిస్టు. మాటలతో మనసుకు చికిత్స చేయడమెలాగో యూనివర్సిటీలో మాకు పాఠం చెప్పారు. మనవాళ్లు దిగులును ఏ మాటల్లో చెప్పుకుంటారన్నది ఆమె పరిశోధన. "మనసు ఎట్లనో ఐతాంది" అని ఒకామె చెబితే నేను డిప్రెషన్ అని రాశాను. "ఆయమ్మ అన్న మాట యాడ పాయ పాపా?" అని కొట్టేయించారు. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే ఏం చెప్పాలని అడిగితే, "నోరు మూసుకోని కూర్చో. నువ్వు మాట్లాడ్తే వాళ్లు మర్యాదకు ఏడుపు ఆపేస్తారు" అనేవారు.

రిటైరయ్యాక సొంతూరు జమ్మలమడుగు చేరి, ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి పైగదిలో మనుషుల్ని చూసేవారు. నేనూ అక్కడే పనిచేసేదాన్ని. తన దగ్గరికి వచ్చినవాళ్లను బయట ఎక్కడా తానై పలకరించకపోవడం ఆమె పద్ధతి. ఒకసారి బజారులో ఒకాయన ఎదురైతే గబుక్కున గాజుల అంగడి వైపు తిరిగిపోయారు. అదేంటి మేడం అన్నాను.

"ఆయప్ప పక్కన వియ్యంకుడుండాడు. 'ఆయమ్మ నీకెట్ల తెలుసు?' అంటే పాపం ఏం చెప్తాడు?"

పిచ్చి డాక్టరు దగ్గరికి పోయొచ్చాడన్న మాట మా ఊళ్లలో పుడితే పిల్లల సంబంధాల దాకా పోతుంది. అందుకే ఆమె తల దించుకుని నడిచేవారు. దానికి వీధిలోవాళ్లు ఏమనేవారో తెలుసా? "శానా పొగరప్పా ఆయమ్మకు!" పొగరంట! నాకు ఒళ్లు మండేది. ఆమె నవ్వేసి ఊరుకునేవారు.

ఒకసారి పులివెందుల నుంచి పెండ్లి పత్రిక వచ్చింది. చావాలనుకుంటూ వచ్చి, బతకాలని వెళ్లిన పిల్లదట. పేరు నాకు చెప్పలేదు. "పోవాలని శానా ఉండాది పాపా. పోతే ఎవురని చెప్పుకోవాల?" అన్నారు. ముహూర్తం రోజు ఇంట్లోనే ఓళిగలు చేసి, నెయ్యి వేసి నాకు పెట్టారు. ఎవరి పెండ్లి భోజనమో తెలియకుండానే తిన్నాను. పిల్ల తల్లికన్నా ఎక్కువ సంబరపడుతూ కొసరి కొసరి వడ్డించారు. ఆ ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

మేడం పెండ్లి చేసుకోలేదు. చివరి చూపుకు నలుగురు చుట్టాలు తప్ప ఎవరూ రారనుకున్నారు తమ్ముడు. మధ్యాహ్నానికి వీధి నిండింది. సింహాద్రిపురం నుంచి, మైదుకూరు నుంచి ఒక్కొక్కరే వచ్చి, ఒకరికొకరు ఎడంగా గోడవార నిలబడ్డారు. తమ్ముడు వెళ్లి ఒకాయనను అడిగారు.

"మీరెవురప్పా? అక్క మీకెట్ల తెలుసు?"

"ఊరికేనే వచ్చినానప్పా."

బురఖాలో ఉన్న ఒకామెను అడిగితే ఇంకా వెనక్కి జరిగింది.

ఆయన నా దగ్గరికి వచ్చి ఏడ్చేశారు. "మా అక్కకు ఎవురూ ల్యాకపాయనే పాపా. ఒంటిగా బతికె, ఒంటిగా పాయె. వీళ్లంతా ఎవురు? నీకేమన్నా తెలుసునా?"

వాళ్లలో కొందరు నాకు తెలుసు. ఒక్క మాట చెబితే ఆయన గుండె బరువు దిగేది. నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదన్నా" అన్నాను.

పాడె లేచింది. వీధి చివరిదాకా వాళ్లంతా వెనకే నడిచారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఏడుపు బయటికి వినపడకుండా కొంగులూ తువ్వాళ్లూ నోటికి అడ్డం పెట్టుకుని.