నాన్న జిగురు కుండ

చిట్టీ, నీ దగ్గు తగ్గిందా? వరాలూ, కంట్లో చుక్కలు మానకుండా వేసుకుంటున్నావా? సత్యం వదినా, మోకాళ్లు ఎలా ఉన్నాయి? మీ కబురు తెలియకపోతే నాకు నిద్ర పట్టదు.

నిన్న మా మనవరాలు కాగితం బొమ్మలు అతికించే జిగురు ఎండిపోయిందని పారేయబోయింది. లాక్కుని వేడినీళ్లలో పెట్టాను. మెత్తబడింది గానీ, వాసనే లేదు.

మన అనకాపల్లి వడ్రంగుల జిగురు గుర్తుందా? తోలు కాచి చేసేవారు, వజ్రం అనేవాళ్లం. వీధి చివరిదాకా కంపు. యుద్ధం రోజుల్లో నాన్న జ్వరంతో పోయాక, ఆయన కుండలో అది రాయిలా ఎండిపోయింది. సగంలో ఆగిన పెళ్లిపీట కోసం ఆడపెళ్లివారు వచ్చి నిలబడ్డారు. అమ్మ ఆ జిగురు నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో కుండ దించి కరిగించింది. వాసన లేచేసరికి మా చెల్లెలు, అప్పటికి పసిపిల్ల అయిన ఈ చిట్టే, వీధిలోకి పరుగెత్తింది.

“అక్కా, నాన్న వచ్చేడే!”

“రానేదమ్మా, వాసనొక్కటే వచ్చింది,” అంది అమ్మ.

పీట అతికించి ఇచ్చేశాక కూడా అమ్మ ఆ కుండ కడగలేదు. అడుగున మిగిలింది ఎండినప్పుడల్లా, పనేమీ లేకపోయినా, నీళ్లు పోసి కరిగించేది. చిట్టి దాని పక్కనే పడుకునేది. వానల్లో అది కుళ్లిపోయింది.

“కొత్తది తెచ్చుకుందామేటే అమ్మా?” అన్నాను.

“కొత్తదాన్ని మీ నాన్న ముట్టుకోనేదు కదే.”

చిట్టీ, నీకు ఇవేవీ గుర్తులేవంటావు. నేనూ మరిచిపోతే ఇక నాన్న వాసన తెలిసినవాళ్లే ఉండరని భయంగా ఉంది. ఇవన్నీ నీకు మళ్లీ చెప్పడానికి ఆదివారం పొద్దుటి బస్సుకి నక్కపల్లి మీ ఇంటికి వస్తున్నాను.