మంచిగనే ఉన్నడంట

పాత బస్టాండు దగ్గర నాకో సైకిల్ రిపేరు షాపు ఉండేది. ఎనభైల చివర్లో, సిద్దిపేటలో హోంగార్డులను తీసుకుంటున్నారంటే పేరిచ్చాను. నెలలో కొన్ని రోజులు ఖాకీ వేసుకుని స్టేషన్‌కు పోవాలి, మిగతా రోజులు ఎవరి పని వాళ్లదే. జాతరలో, అంగట్లో లాఠీ పట్టుకుని నిలబడితే చాలనుకున్నాను. అంతకుముందు "ఏయ్, గాలి కొట్టు" అన్నవాళ్లే ఖాకీలో కనబడితే "సారూ" అనేవారు. అది నాకు నచ్చింది. దాచుకోవడం ఎందుకు?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ పిలిచాడు.

"చిన్నకోడూరు దిక్కు తొవ్వ తెలుసు గదా నీకు? గాడ పక్కపొంటి పల్లెల ఒక ఇంటికి పోయి చెప్పి రావాలె. నాగపూర్ కాడ లారీ బోల్తా పడ్డదంట. దాని క్లీనర్‌ది గా ఊరే. ఇంటోళ్లను ఎంటనే ఆడి సర్కారు దవాఖానకు రమ్మంటున్నరు."

"మనిషి ఎట్లున్నడు సార్?"

"వైర్‌లెస్‌ల గంతే వచ్చింది. పో, చెప్పి రా."

సైకిల్ తొక్కుతూ దారంతా ఎలా చెప్పాలా అని ఆలోచించాను. ఏదీ కుదరలేదు.

ఆ ఇంటి ముందు అత్తాకోడళ్లు కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నారు. ఖాకీని చూడగానే కోడలు లేచి నిలబడింది. ఆమె క్లీనర్ భార్య. నేను చెప్పాల్సింది చెప్పాను. చుట్టుపక్కలవాళ్లు వచ్చారు. ముసలామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు పానంతోని ఉన్నడా సారూ? గా ఒక్క ముచ్చట చెప్పు."

తెలియదన్న మాట గొంతు దాకా వచ్చింది. కానీ అందరూ నా బట్టల వైపే చూస్తున్నారు. పోలీసోడికి తెలియకపోవడమేమిటి అన్నట్టు చూస్తున్నారు. ఆ చూపులకు ఆగలేకపోయాను.

"కాలు ఇరిగిందంట అవ్వా. మంచిగనే ఉన్నడంట."

కాలు విరగడం ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ముసలామె నాకు రెండు చేతులెత్తి మొక్కింది. ఎవరో చల్ల తెచ్చిచ్చారు. తాగాను.

క్లీనర్ తమ్ముడు, ఊరి పెద్దమనిషి ఒకాయన బయలుదేరారు. భార్య తానూ వస్తానంది. "గంత దూరం నువ్వెందుకు వదినా?" అన్నాడు మరిది. ఆమె నా వైపు తిరిగింది.

"సారూ, నన్ను పొమ్మంటవా, వద్దంటవా?"

"వద్దు చెల్లె. కాలే గదా. నాలుగు దినాలల్ల ఇంటికే వస్తడు."

ఆమె లోపలికి వెళ్లి సంచిలో మొగుడి బట్టలు పెట్టుకొచ్చింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ప్యాంటు బయటికి తీసింది. "కాలుకు కట్టు ఉంటది గదా, ప్యాంటు ఎక్కది" అని, దాని బదులు లుంగీ మడిచి పెట్టింది.

ఐదో రోజు ఆ తమ్ముడు బస్సు దిగి నేరుగా నా షాపుకు వచ్చాడు. వాళ్లు పోయేసరికే అన్న శవాల గదిలో ఉన్నాడట. ఎండలు మండిపోతున్నాయి, అంత దూరం తేలేక అక్కడే దహనం చేసి వచ్చారు.

"వదినెకు ఎట్ల చెప్పాలె సారూ? నువ్వు గూడ రా."

డ్యూటీ ఉందన్నాను. ఆ రోజు నాకు డ్యూటీ లేదు.

రెండు నెలల తర్వాత క్లీనర్ భార్య ఒక్కతే షాపుకు వచ్చింది. నేను బనీనుతో, చేతులకు గ్రీజుతో ఉన్నాను. అయినా గుర్తుపట్టింది.

"నీకు ముందుగాలనే తెల్సా?"

"ఒట్టు చెల్లె, నాకు తెల్వదు. నాకెవ్వరు చెప్పలే."

"తెల్వకపోతే తెల్వదను. మంచిగున్నడని ఎందుకన్నవ్? నేను గూడ పోతుంటి. ముఖమన్న చూస్తుంటి."

ఆమె గట్టిగా అరిచినా నాకు కొంచెం నయంగా ఉండేది. అరవలేదు. కూర్చోమని స్టూలు జరిపాను. కూర్చోలేదు. బస్టాండు వైపు నడిచిపోయింది.

ఆ తర్వాత ఇలాంటి కబురుకే మళ్లీ చేర్యాల దిక్కు పంపారు. ఎవరో గాయపడ్డాడు, దవాఖానకు రావాలి, అంతే. ఈసారి అబద్ధం చెప్పకూడదనుకున్నాను. బతికే ఉన్నాడా అని తల్లి అడిగింది.

"నాకు తెల్వదమ్మా."

ఆమె అక్కడికక్కడే కూలబడి ఏడుపందుకుంది. పోలీసు తెలియదన్నాడంటే పోయాడనే అర్థం చేసుకుంది. వాడకట్టంతా ఇంటి ముందుకు వచ్చింది. "నిజంగనే తెల్వదు, బతికే ఉండొచ్చు" అని అరిచాను. నేను చెప్పేకొద్దీ ఏడుపులు పెరిగాయి. ఆ మనిషి తర్వాత నెల రోజులకు మంచిగా ఇంటికి వచ్చాడని విన్నాను. కానీ ఆ రోజు నా మాట వినేవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. లాఠీ చంకలో పెట్టుకుని, అందరూ ఏడుస్తుంటే, వెళ్లలేక, ఉండలేక, ఆ వాకిట్లోనే చాలాసేపు నిలబడ్డాను.