మంచిగైతే తుపాకి

భీమేది కిష్టారం దగ్గర చిన్న పల్లె. పోలీసుల్లో చేరిన నాటి నుంచి ఆమె ఊరి మొహం చూడలేదు. వస్తే నక్సలైట్లు బతకనివ్వరని తల్లి సోమి కబురు పెట్టింది. తల్లీకూతుళ్లు కలుసుకునేది ఎర్రబోరు సంతలోనే, అదీ పక్కన జవాన్లు నిలబడి ఉండగా.

ఒక వానాకాలం గస్తీలో, ముందు నడుస్తున్న స్నేహితురాలు రాధ కాలి కింద మందుపాతర పేలింది. ఆ తర్వాత భీమే తిండి మానేసింది. తల దువ్వుకోవడం మానేసింది. పిలిస్తే పలికేది కాదు.

పోలీసు క్యాంపు వాళ్లు ఆమెను దంతెవాడ ఆసుపత్రికి పంపారు. అక్కడ డాక్టర్ అపర్ణ మందులు రాసి, తెలుగులోనే అడిగింది: "చిన్నప్పుడు ఏం పని చేసేదానివమ్మా?"

"గొడ్లు కాసిన."

డాక్టర్ క్యాంపు ఇన్‌చార్జి సాబ్‌తో మాట్లాడి, మెస్ వెనక కొట్టంలోని ఆవులను భీమేకు అప్పగించేలా చూసింది. తుపాకి సాబ్ దగ్గర పెట్టేసింది భీమే.

మొదట్లో కొట్టంలో ఊరికే కూర్చునేది. ఎర్రావు ఈనేటప్పుడు దూడ తల అడ్డం పడింది. భీమే మోచేతి దాకా చేయి పెట్టి తల సర్ది, ఆవు ముక్కినప్పుడల్లా మెల్లగా లాగింది. దూడ నేలమీద పడి తుమ్మింది. ఆ పూట భీమే అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. మధ్యాహ్నం గడ్డివాము పక్కన ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

మళ్లీ దంతెవాడ వెళ్లినప్పుడు డాక్టర్ సంతోషించింది. "ముఖం తేటపడింది. ఇక డ్యూటీకి ఫిట్ అని రాసేస్తాను."

భీమే ఆమె చేతిలోని పెన్ను వైపు చూసింది. "మంచిగైతే తుపాకి. కాకుంటే ఆవులు. నేనేం చెప్పాలె మేడం?"

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. "ఉద్యోగం మానెయ్యలేవా?"

"మానేస్తే ఏడికి పోవాలె? ఊర్లకు రానియ్యరు. క్యాంపుల ఉండనియ్యరు."

"ఇంకో నెల ఆవుల దగ్గరే ఉంచమని రాస్తాను. ఎన్నాళ్లు ఇలా రాయగలనో నాకూ తెలియదు, భీమే."

ఆ నెల గడిచింది, ఇంకొకటీ గడిచింది. సాబ్ కొట్టం వైపు వస్తుంటే భీమే దూడతో కబుర్లు ఆపేసేది. జుట్టు చెదరగొట్టుకునేది. నవ్వొస్తే తల పక్కకు తిప్పుకునేది. అలా కొన్నాళ్లయ్యాక, సాబ్ లేని వేళ దూడ వచ్చి ఆమె చెయ్యి నాకింది. భీమే నవ్వబోయింది. నవ్వు రాలేదు.