బాపు దిక్కు స్పీకరు

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చోవాలంటే చెప్పులు బయట విడవాలి. నల్గొండలో గడియారం సెంటరుకు దగ్గర్లో, ఒక మందుల షాపు పైన ఉన్న మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ నియమాన్ని పెట్టింది నేనే. తొంభైల చివరి సంవత్సరాలు. అక్కడే మూడు నెలలు నేర్చుకుని నాలుగో నెల నుంచి అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టినవాణ్ణి. నాకు తెలియని విషయం లోకంలో ఉందని ఎవరైనా అంటే నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ కుర్రవాడు ఎదురుపడితే చెవి మెలిపెట్టాలనుంటుంది గానీ, వాడి ఒత్తయిన జుట్టు చూసి జాలిపడి వదిలేస్తానేమో.

మా బాపు, అంటే మా నాన్న, మలేరియా ఆఫీసులో ప్యూను. పగలు ఫైళ్లు మోసి, సాయంత్రాలు ఊళ్లకు పోయి దోమల మీద బుర్రకథ చెప్పేవాడు. చెప్పేవాడు అంటే, నడుమ నిలబడి తంబురా మీటుతూ కథ నడిపేది పంతులు సారు. ఆయనకు ఒక పక్క టైలర్ మామ, ఇంకో పక్క మా బాపు, చెరో డక్కీ వాయిస్తూ వంత పాడేవాళ్లు. టైలర్ మామది తెలివైన ప్రశ్నలు వేసే వంత, బాపుది నవ్వించే వంత. ఊళ్లో జనం బాపు మాటలకే పడీపడీ నవ్వేవాళ్లు, తెల్లారి మాత్రం "పంతులు సారు కథ బాగ జెప్పిండు" అనేవాళ్లు. బాపు గొంతు మహా గట్టిది. ఇంట్లో ఉప్పు అడిగితే పక్క వాడకట్టు వాళ్లు తెచ్చివ్వాలి. ఒక్కోసారి ఇన్‌స్టిట్యూట్ గుమ్మంలో నిలబడి "బిడ్డా, అన్నం తిన్నవా?" అని అడిగేవాడు. కీబోర్డుల చప్పుడు ఆగిపోయేది. ఆడపిల్లలు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు.

"జర మెల్లగ మాట్లాడు బాపు, గిది ఆఫీసు" అని నేను పళ్లు బిగించి చెప్పేవాణ్ణి.

"మెల్లగనే మాట్లాడుతున్న గద" అనేవాడు, అంతే గట్టిగా.

అలాంటి బాపు టీవీలోకి ఎక్కాడు. ఇరవై ఐదేళ్లు ఊళ్లు తిరిగాక టీవీ వాళ్లు ఈ ముగ్గురినీ హైదరాబాదు పిలిపించి పావుగంట దోమల కథ షూటింగు చేసుకున్నారు. ఒక ఆదివారం పొద్దున వస్తుందని, మరుసటి ఆదివారం మళ్లీ వేస్తారని, ఆ తరవాత ఇక వేయరని కబురొచ్చింది. మా ఎదురింటి రేడియో చాచా (రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు గనక ఆ పేరు) తన వీసీఆర్‌లో టేపు మీద ఎక్కించి ఇస్తానన్నాడు. నేను ఒప్పుకుంటే కదా. "టేపుకు బూజు పడతది చాచా. మా కంప్యూటర్ల ఎక్కిస్తే నూరేండ్లు ఉంటది" అన్నాను. మా ఓనర్ సారు అప్పుడే కంప్యూటర్లో టీవీ వచ్చే కార్డు ఒకటి తెప్పించాడు. దాని డబ్బా మీద స్టీరియో అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ అక్షరాలు చూసి నేను ఇంకో అడుగు ముందుకేశాను.

"బాపు, నువ్వు కుడి దిక్కు నిలవడ్డవ్ గద. నీ డక్కీ, నీ మాట కుడి స్పీకర్లకెల్లి వస్తయి. టైలర్ మామయి ఎడమ దాంట్లకెల్లి."

(కుడి అంటే చూసేవాళ్లకు కుడి, నిలబడ్డ ఆయనకు ఎడమ. ఈ లెక్క తేల్చుకోవడానికి మా ఇద్దరికీ ఒక పూట పట్టింది.)

బాపు నా దగ్గరికి జరిగి, "నా ఒక్కనిది వేరే వస్తదా?" అని అడిగాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా అడిగాడు. వస్తుందని మాటిచ్చేశాను. తెల్లారేసరికి మలేరియా ఆఫీసు మొత్తానికి ఆ సంగతి తెలుసు.

మొదటి ఆదివారం రికార్డింగు ఏ ఆటంకమూ లేకుండా అయింది. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, కుడి స్పీకరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రికార్డయినదాన్ని నడిపించాను. ఎడమ స్పీకరు మోగింది. కుడిది మోగలేదు. బాపు వంగి దానికి చెవి ఆనించాడు, తట్టాడు, మళ్లీ ఆనించాడు.

"నేనేడ బిడ్డా?"

"నీది గూడ ఎడమ దాంట్లకెల్లే వస్తాంది బాపు."

"అంటె టైలర్ ఇంట్ల కిరాయికున్ననా నేను?"

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు గానీ, కుర్చీ మాత్రం ఆ మూగ స్పీకరు పక్కనుంచి జరపలేదు. వచ్చే ఆదివారం తప్పితే ఇంకో అవకాశం లేదు.

ఆ వారం నేను పిల్లలకు పాఠం చెప్పిన పాపాన పోలేదు. స్పీకర్లు అటూ ఇటూ మార్చాను. మూగది మాట్లాడింది, మాట్లాడేది మూగబోయింది. కాబట్టి తప్పు స్పీకర్లది కాదని గొప్పగా ప్రకటించాను. తెర మీద శబ్దాన్ని కుడి ఎడమలకు జరిపే గీతను అరిగిపోయేలా జరిపాను. కంప్యూటరు డబ్బా విప్పి, దుమ్ము ఊది, మళ్లీ బిగిస్తే ఒక స్క్రూ మిగిలింది. ఎస్టీడీ బూత్ నుంచి, కార్డు కొన్న హైదరాబాదు షాపుకు ఫోను చేస్తే, మొత్తం తుడిచేసి సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించమన్నారు. ఎక్కించాను. ఓనర్ సారు నెలంతా కూర్చుని కొట్టించిన పరీక్ష పేపర్లు కూడా ఆ తుడుపులో పోయాయి. ఆయన వెళ్లి కంప్యూటరుకు నిమ్మకాయ కట్టించాడు. బాపు రోజూ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, చెప్పులు బయట విడిచి, వెనక బెంచీ మీద కూర్చునేవాడు. "దొరికిందా బిడ్డా?" అని ఆయన అడిగితే కింద మందుల షాపులో వాళ్లు కూడా తలెత్తి చూసేవాళ్లు. "మెల్లగ, బాపు" అని నేను కసిరేవాణ్ణి.

శనివారం మధ్యాహ్నానికి నా చదువంతా అయిపోయింది. టీవీ కార్డు నుంచి సౌండు కార్డుకు కలిపిన వైరును జేబులో కుక్కుకుని, తల వంచుకుని రేడియో చాచా దుకాణానికి వెళ్లాను. ఆ వైరు నేనే తయారుచేసింది. కార్డుతో పాటు వచ్చింది పొట్టిగా ఉందని పాత మైకు వైరు కోసి వేశాను. చాచా అద్దాలు పెట్టుకుని దాని కొసను ఒక్కసారి చూశాడు.

"బేటా, గీ పిన్ను మీద నల్లగీతలు ఎన్నున్నయ్?"

"ఒక్కటి."

"రెండు స్పీకర్లు మోగాలంటె రెండు గీతల పిన్ను గావాలె. గిది మైకుది. ఒక్క దిక్కే తీస్కపోతది." టంకం పెట్టి పిన్ను మార్చడానికి ఆయనకు చాయ్ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. "నీ కంప్యూటర్ మంచిగనే ఉంది, ఫికర్ జెయ్యకు" అని ఓదార్చాడు కూడా.

ఆదివారం గది నిండిపోయింది. పంతులు సారు, టైలర్ మామ, చాచా, ఓనర్ సారు, గుమ్మం బయట ఇరవై జతల చెప్పులు. రికార్డు చేసి నడిపించాను. రెండు స్పీకర్లూ మోగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కుడిదాని దగ్గర వంగి విన్నాను, ఎడమదాని దగ్గర వంగి విన్నాను. రెండింట్లోనూ ముగ్గురూ ఉన్నారు. అదే తంబురా, అవే రెండు డక్కీలు, తేడా లేదు. బాపు వేరే రాలేదు. అందరి ముందూ నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"బాపు, నీ ఒక్కనిది వేరే రాలె" అన్నాను.

"ఎట్లొస్తది బిడ్డా? ఆడ మైకు ఒక్కటే ఉండె. పంతులు సారు మూతి ముంగట."

వారం రోజులు నేను వెతికిన కుడి శబ్దం అసలు హైదరాబాదు నుంచే బయలుదేరలేదు.

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా?"

"నువ్వు అడగకపోతివి. మల్ల సదువుకున్నోనివి, ఒక్క మైకును మూడు జేసే మిషిను తెచ్చినవేమో అనుకున్న. వస్తదేమో అని నేను గూడ ఆశపడ్డ." బాపు స్పీకరు మీద చెయ్యి వేశాడు. "ఇరవై ఐదేండ్ల సంది ఒక్కటే మైకు. అదెన్నడు నా ముంగట లేకుండె. పక్కకెల్లి గట్టిగ ఒర్రితెనే అండ్ల పడేది."

టైలర్ మామ తలాడించి, "నాకన్న మీ బాపుదే మంచిగ పడ్డది" అన్నాడు.

ఆ గొంతు అంత గట్టిది ఎందుకైందో నాకు అప్పుడు అర్థమైంది. మెల్లగ, మెల్లగ అని నేను కసిరిన రోజులన్నీ గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. బాపు అదేం పట్టించుకోకుండా "ఇంకోపాలి పెట్టు బిడ్డా" అన్నాడు. మందుల షాపు వాళ్లు కూడా పైకి వచ్చారు.

నూరేళ్లుంటుందన్న ఆ కంప్యూటరు రెండేళ్లకే పోయింది గానీ, ఆ పావుగంట మాత్రం ఒకదాన్నుంచి ఒకదానికి మారుతూ ఇప్పుడు నా ఫోన్లో ఉంది. అగ్గిపెట్టెంత బొమ్మ, ముగ్గురి ముఖాలూ అలుక్కుపోయి ఉంటాయి. బాపు పోయి ఎనిమిదేళ్లయింది. నేను ఫోన్లో మాట్లాడుతుంటే మా అమ్మాయి తలుపు వేసుకుని, "మెల్లగా నాన్నా, కింది ఫ్లాటు వాళ్లకు వినపడుతోంది" అంటుంది. మెల్లగానే మాట్లాడుతున్నాను కదా అంటాను. అప్పుడప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దోమల కథ వింటాను. కుడి చెవిలోది తీసినా బాపు ఉంటాడు, ఎడమ చెవిలోది తీసినా ఉంటాడు. స్టీరియో వచ్చి ఉంటే ఆయన ఒక్క పక్కనే ఉండిపోయేవాడు. ఒంటిగీత పిన్ను పట్టుకుని వారమంతా ఏడ్చిన ఆ కుర్రవాడికి ఈ మాట చెప్పాలనుంటుంది, కాస్త గట్టిగానే.